పెట్రోల్ పికప్ ట్రక్కులో గరిష్ఠ సురక్షిత ఇంజిన్ వేగం

ఇంజిన్ భాగాలేవీ దెబ్బతినకుండా క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగవచ్చునో ఆ హద్దును గరిష్ఠ సురక్షిత ఇంజిన్ వేగం అంటారు. దీన్ని ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి ఇన్ని చుట్లు అని చెబుతారు. టాకోమీటర్ మీద ఈ హద్దు నుంచి పైకి ఎర్ర రంగు పూస్తారు కాబట్టి వాడుకలో దీనికి రెడ్‌లైన్ అనే పేరు స్థిరపడింది. పెట్రోల్ పికప్‌కు పుట్టిల్లు, పెద్ద బజారు రెండూ అమెరికాయే. అందువల్ల ఈ వ్యాసంలోని ఉదాహరణల్లో ఎక్కువ భాగం అక్కడి బండ్లవే. అక్కడ పెట్రోల్‌ను ‘గ్యాస్’ అంటారు. మన వంటగ్యాస్‌కూ సీఎన్‌జీకీ దీనితో సంబంధం లేదు.

నిర్వచనం, దగ్గరి పదాలు

ఇంజిన్ వేగం గురించి మాట్లాడేటప్పుడు నాలుగు వేర్వేరు సంఖ్యలు ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. మొదటిది గరిష్ఠ శక్తి వచ్చే వేగం. కంపెనీ కరపత్రంలో ‘5,600 ఆర్‌పీఎం వద్ద 355 హార్స్‌పవర్’ అని ఉంటే అది ఈ సంఖ్యే. రెండోది రెడ్‌లైన్, ఇది సాధారణంగా మొదటిదానికి కొన్ని వందల ఆర్‌పీఎం పైన ఉంటుంది. గేర్ మార్చగానే ఇంజిన్ వేగం పడిపోతుంది. ఆ పడిన చోట కూడా మంచి లాగుడు దొరకాలంటే శిఖరం దాటి కొంచెం పైదాకా పోనివ్వాలి కాబట్టి ఆ తేడా ఉంచుతారు. మూడోది లిమిటర్, అంటే ఇంజిన్‌ను ఇంకా పైకి పోనివ్వకుండా ఆపే ఏర్పాటు, పనిచేసే వేగం. నాలుగోది గంటల తరబడి నడిపినా ఇంజిన్ తట్టుకునే వేగం. ఇది మీటర్ మీద ఎక్కడా కనిపించదు, బరువులాగే బండికి మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఇంజిన్ వేగం వేరు, బండి వేగం వేరు. పికప్ గరిష్ఠ రహదారి వేగాన్ని చాలాసార్లు ఇంజిన్ కాక టైర్ల రేటింగ్, పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకు నిర్ణయిస్తాయి (చూ. బండి వేగ పరిమితి).

చరిత్ర

తిరుగుడు వేగాన్ని కొలిచే అపకేంద్ర టాకోమీటర్‌ను జర్మన్ ఇంజనీర్ డీట్రిక్ ఊల్‌హార్న్ 1817లో రూపొందించాడు. తొలి పికప్‌లలో మాత్రం అలాంటి పరికరం లేదు. ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టి రనబౌట్‌కు వెనుక ఇనుప తొట్టి అమర్చి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. కర్మాగారం నుంచే పికప్‌గా బయటికి వచ్చిన తొలి ఫోర్డ్ అదే. దాని 2.9 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ 1,600 ఆర్‌పీఎం వద్ద 20 హార్స్‌పవర్ ఇచ్చేది.

ఫోర్డ్ ఇంజిన్లలోనే మూడింటిని పక్కపక్కన పెడితే ఈ వందేళ్ల కథ తేలిగ్గా తెలుస్తుంది. మోడల్ టి ఇంజిన్ స్ట్రోక్, అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం, 101.6 మిల్లీమీటర్లు. 1965 నుంచి 1996 వరకు తయారైన 300 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో అది 101.1 మిల్లీమీటర్లు. 2020లో సూపర్ డ్యూటీ పికప్‌కు వచ్చిన, ‘గాడ్‌జిల్లా’ అని ముద్దుపేరు పడ్డ 7.3 లీటర్ల వీ8లో 101 మిల్లీమీటర్లు. మూడింటిలోనూ పిస్టన్ ప్రయాణం దాదాపు ఒక్కటే. కానీ గరిష్ఠ శక్తి మొదటిదానిలో 1,600 వద్ద, రెండోదాని ఫ్యూయల్ ఇంజెక్షన్ రూపంలో 3,400 దగ్గర, మూడోదానిలో 5,500 వద్ద వస్తుంది.

మోడల్ టిలో ఆయిల్ పంపు లేదు. ఫ్లైవీల్ చిమ్మిన నూనెతోనే బేరింగులు తడవాలి. క్రాంక్‌షాఫ్ట్‌ను మోసేవి మూడే మెయిన్ బేరింగులు, పిస్టన్లు పోత ఇనుపవి. ఆరు సిలిండర్ల 300లో ఏడు మెయిన్ బేరింగులు వచ్చాయి, క్యామ్‌షాఫ్ట్‌ను గొలుసు బదులు నేరుగా పళ్లచక్రాలే తిప్పాయి. ఈ ఇంజిన్ లక్షల మైళ్లు నడుస్తుందన్న పేరు తెచ్చుకుంది. ఆ పేరుకు గట్టితనం ఒక కారణమైతే, దాని సన్నటి గాలిదారులు 4,000 దాటనివ్వకుండా ఊపిరి బిగపట్టడం ఇంకో కారణం. తొక్కినా పైకి పోని ఇంజిన్‌ను పాడుచేయడం కష్టం. 7.3 వీ8లో ఫోర్జ్ చేసిన ఉక్కు క్రాంక్‌షాఫ్ట్, పిస్టన్ల అడుగున నూనె చిమ్మే జెట్లు, అవసరాన్నిబట్టి పరిమాణం మార్చుకునే ఆయిల్ పంపు ఉన్నాయి.

షెవర్లే పికప్‌లలోనూ ఇదే ధోరణి. 1987లో థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్‌తో వచ్చిన 5.7 లీటర్ల వీ8 గరిష్ఠ శక్తి 4,000 ఆర్‌పీఎం వద్ద వచ్చేది. 1996 నాటి వోర్టెక్ 5700లో అది 4,600కు, నేటి 5.3 లీటర్ల ఇంజిన్‌లో 5,600కు చేరింది.

హద్దును నిర్ణయించే కారణాలు

పిస్టన్ వేగం, జడత్వం: ఒక చుట్టులో పిస్టన్ రెండుసార్లు పూర్తిగా ఆగి, రెండుసార్లు పరుగెత్తుతుంది. స్ట్రోక్‌ను రెండుతో గుణించి, సెకనుకు తిరిగే చుట్లతో మళ్లీ గుణిస్తే సగటు పిస్టన్ వేగం వస్తుంది. పైన చెప్పిన గరిష్ఠ శక్తి వేగాల వద్ద మోడల్ టిలో ఇది సెకనుకు 5.4 మీటర్లు, 300లో సుమారు 11.5, 7.3 వీ8లో 18.5. ఎక్కువ సంఖ్యలో తయారయ్యే పెట్రోల్ ఇంజిన్లు సాధారణంగా 16 నుంచి 20 మీటర్ల మధ్య ఆగిపోతాయి. ఫార్ములా వన్ పందెపు ఇంజిన్లు సుమారు 25 వరకు వెళ్లాయి, కాకపోతే వాటి ఆయుష్షును పందేల లెక్కన చూస్తారు.

సగటు వేగం ఒక గుర్తు మాత్రమే. విరగ్గొట్టేది త్వరణం. అది ఆర్‌పీఎం వర్గాన్నిబట్టి పెరుగుతుంది: వేగం 10 శాతం పెరిగితే బలం 21 శాతం, 20 శాతం పెరిగితే 44 శాతం ఎక్కువవుతుంది. 101 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న ఇంజిన్ 5,500 వద్ద తిరుగుతుంటే పై కొనన పిస్టన్ త్వరణం గురుత్వాకర్షణకు సుమారు 2,200 రెట్లు. పిస్టన్, పిన్ను, రింగులు కలిపి అర కిలో అనుకుంటే కనెక్టింగ్ రాడ్‌ను సెకనుకు 92 సార్లు 1.1 టన్నుల బరువుతో గుంజినట్టు లెక్క. అదే పిస్టన్ 1,600 వద్ద గుంజే బలం 95 కిలోలు మించదు.

ఖాళీ బండిని న్యూట్రల్‌లో పెట్టి రేజ్ చేస్తే ఇంజిన్‌కు బరువు లేదు కాబట్టి హాని లేదని కొందరి నమ్మకం. నిజానికి కంప్రెషన్ చివర మండే వాయువుల ఒత్తిడి పిస్టన్‌ను కిందికి నొక్కి జడత్వ బలాన్ని కొంత తగ్గిస్తుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర ఆ ఆసరా ఉండదు, గుంజుడంతా రాడ్ బోల్టుల మీదే పడుతుంది. థ్రాటిల్ మూసుకుని సిలిండర్‌లో శూన్యత ఏర్పడినప్పుడు అది ఇంకాస్త పెరుగుతుంది.

వాల్వుల తేలుడు: క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగం తిరుగుతుంది. 5,500 వద్ద ఒక్కో వాల్వు సెకనుకు దాదాపు 46 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఒక వేగం దాటాక స్ప్రింగు వాల్వును క్యామ్ ఆకారం వెంట వెనక్కి లాక్కురాలేదు, వాల్వు గాలిలో తేలుతుంది. క్యామ్ బ్లాకులో ఉండి లిఫ్టర్, పుష్‌రాడ్, రాకర్ ద్వారా వాల్వును నడిపే ఇంజిన్లలో కదిలే బరువు ఎక్కువ కాబట్టి ఈ హద్దు తొందరగా వస్తుంది. హైడ్రాలిక్ లిఫ్టర్లు ఆ కాస్త సందులో నూనె నింపుకుని ఉబ్బి, వాల్వును పూర్తిగా మూసుకోనివ్వకపోవడం మరో చిక్కు. తలమీద క్యామ్‌లున్న ఇంజిన్లలో ఈ ఇబ్బంది తక్కువ. ఫోర్డ్ ఎఫ్-150లోని 5 లీటర్ల ‘కొయొటీ’ వీ8 2021 మోడల్‌లో 6,000 వద్ద గరిష్ఠ శక్తినిస్తే, పుష్‌రాడ్ ఇంజిన్లయిన షెవర్లే 5.3, రామ్ 5.7 హెమీ రెండూ 5,600 వద్ద ఇస్తాయి. తేడా మరీ పెద్దది కాదు. పుష్‌రాడ్ అంటేనే పాతకాలపు మందకొడి అన్న అభిప్రాయానికి ఈ సంఖ్యలు అంతగా మద్దతివ్వవు.

నూనె, వేడి: ఎక్కువ వేగంలో బేరింగుల నూనె పొర పలచబడేంత వేడెక్కుతుంది, క్రాంక్‌షాఫ్ట్ చిలికినట్టు తిప్పడంతో నూనెలో బుడగలు చేరతాయి, పైకి పోయిన నూనె అడుగు తొట్టికి దిగిరావడానికి సమయం చాలదు. ఇవి ఒక్క క్షణపు రేజ్‌లో బయటపడవు, నిమిషాల మీద ప్రభావం చూపుతాయి. అందుకే కొద్దిసేపు తట్టుకునే వేగం, నిరంతరం తట్టుకునే వేగం ఒకటి కావు.

ఇతర భాగాలు: క్రాంక్‌షాఫ్ట్ మెలిక వణుకు, దాన్ని అణిచే డాంపర్ రబ్బరు, ఫ్యాన్ రెక్కలు, బెల్టుతో క్రాంక్ కంటే రెండు మూడు రెట్లు వేగంగా తిరిగే ఆల్టర్నేటర్, మాన్యువల్ బండ్లలో క్లచ్ ప్లేటు కూడా హద్దును కిందికి లాగగలవు. పాత పాయింట్ల ఇగ్నిషన్‌లోనైతే 5,500 వద్ద వీ8కు సెకనుకు 367 మెరుపులు కావాలి. పాయింట్లు ఎగిరెగిరి పడి మిస్సింగ్ మొదలయ్యేది.

వాడుకనుబట్టి మారే హద్దు

ఇంజిన్ ఒకటే అయినా సురక్షిత వేగం ఒక్కటిగా ఉండనక్కర్లేదు. ఫోర్డ్ 7.3 వీ8 ఇందుకు మంచి రుజువు. పికప్‌లో దాన్ని 5,500 వద్ద 430 హార్స్‌పవర్‌కు అనుమతించారు. ఎఫ్-650, ఎఫ్-750 వంటి మధ్యతరహా లారీల్లో అదే ఇంజిన్‌ను 3,900 వద్ద 350 హార్స్‌పవర్‌కు పరిమితం చేశారు. సగటు పిస్టన్ వేగం 18.5 మీటర్ల నుంచి 13.1కి దిగుతుంది. ఆ లారీలు రోజంతా నిండు బరువుతో తిరగాలి కాబట్టి ఈ కోత. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలపు పెట్రోల్ లారీలకు కార్బొరేటర్ దగ్గర గవర్నర్ బిగించడం వెనుకా ఇదే ఆలోచన ఉంది.

పికప్ ఎంత బరువు లాగగలదో తేల్చే ప్రామాణిక పరీక్ష ఎస్‌ఏఈ జే2807. అందులో కొండ ఎక్కించి చూడటం ఒక భాగం. ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎగుడుదారిలో సుమారు 38 డిగ్రీల సెల్సియస్ ఎండలో, ఏసీ నడుస్తుండగా, పూర్తి బరువున్న ట్రెయిలర్‌ను లాగుతూ మామూలు పికప్ గంటకు 40 మైళ్ల వేగం తగ్గకుండా ఎక్కాలి. అక్కడ ఇంజిన్ నిమిషాల తరబడి పైవేగంలోనే అరుస్తుంటుంది. పెట్రోల్ పికప్‌తో ట్రెయిలర్ లాగడం మొదలుపెట్టినవారికి ఆ శబ్దం భయం పుట్టించడం సహజం. గేర్‌బాక్స్ తనంతట తానే గేర్ దించి 4,500 దగ్గర నిలబెడితే అది పనిచేయాల్సిన తీరే, లోపం కాదు.

తక్కువ వేగమే ఎప్పుడూ క్షేమం అనుకోవడం కూడా సరికాదు. పై గేర్‌లో, 1,200 దగ్గర, బరువుతో యాక్సిలరేటర్ అదిమి తొక్కితే బేరింగుల నూనె పొర మీద పడే ఒత్తిడి పెరుగుతుంది, ఇంజిన్ నాకింగ్ చేస్తుంది. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్లలో ఇలాంటి చోటే నిప్పురవ్వ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంటుంది.

హద్దు దాటే తీరులు

డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్‌ను పైకి తీసుకుపోవడం మొదటి తీరు. నేటి బండ్లలో దీన్ని ఈసీయూ, అంటే ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్, అడ్డుకుంటుంది. ముందు ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ను మూస్తుంది, అవసరమైతే ఇంధనాన్నో స్పార్క్‌నో ఆపేస్తుంది. బండి నిలబడి ఉండగా రేజ్ చేస్తే చాలా బండ్లలో రెడ్‌లైన్ కంటే ఎంతో ముందే ఆపుతుంది. కార్బొరేటర్ కాలపు పికప్‌లలో లిమిటర్ లేదు. ఆ రోజుల్లో వాల్వుల తేలుడే లిమిటర్: ఇంజిన్ గర్జన మారి శక్తి పడిపోతే డ్రైవర్ కాలు తీసేవాడు, లేదా తీయాల్సిన అవసరమే లేకుండా ఏదో ఒకటి విరిగేది.

రెండోది చక్రాలే ఇంజిన్‌ను తిప్పడం. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో నాలుగు నుంచి మూడుకు దించబోయి పొరపాటున ఒకటిలో వేసి క్లచ్ వదిలితే బండి ఊపు అంతా ఇంజిన్ మీదికి వస్తుంది. లిమిటర్ ఇంధనం ఆపగలదు గానీ, వెనుకనుంచి తోసుకొచ్చే మూడు టన్నుల బండిని ఆపలేదు. అమెరికాలో దీన్ని ‘మనీ షిఫ్ట్’ అంటారు, జేబుకు పడే చిల్లునుబట్టి. ఇంజిన్ వేగం హద్దు దాటి నాశనమయ్యే సంఘటనల్లో తీవ్రమైనవి ఈ కోవకే చెందుతాయి. ఆటోమేటిక్‌లో గేర్‌బాక్స్ కంప్యూటర్ అటువంటి గేర్ ఆదేశాన్ని తిరస్కరిస్తుంది.

దాటితే ఏమవుతుంది? వాల్వు తేలి పిస్టన్‌కు తగిలితే వంగుతుంది, ఆ సిలిండర్‌లో కంప్రెషన్ పోతుంది. రాడ్ బోల్టు సాగితే వెంటనే కనబడకపోవచ్చు. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత బేరింగ్ చప్పుడుగా బయటపడవచ్చు. బోల్టు తెగితే రాడ్ బ్లాకు పక్కగోడను చీల్చుకుని బయటికి వస్తుంది, ఆ ఇంజిన్‌కు మరమ్మతు ఉండదు. రెండు క్షణాలు లిమిటర్‌ను తాకి వచ్చిన ఆరోగ్యకరమైన ఇంజిన్‌కు సాధారణంగా ఏమీ కాదు. చల్లటి ఇంజిన్‌ను, నూనె చిక్కగా ఉండగానే రేజ్ చేయడం అంతకంటే చెడ్డ అలవాటు.

గేర్, యాక్సిల్, టైరుతో లెక్క

ఇంజిన్ వేగాన్ని బండి వేగం నుంచి లెక్కగట్టవచ్చు. నిమిషానికి బండి పోయే దూరాన్ని టైరు చుట్టుకొలతతో భాగిస్తే చక్రపు చుట్లు వస్తాయి. వాటిని యాక్సిల్ నిష్పత్తితో, తర్వాత గేర్ నిష్పత్తితో గుణించాలి. 275/65ఆర్18 టైరు చుట్టుకొలత సుమారు 2.56 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వద్ద అది నిమిషానికి 651 చుట్లు తిరుగుతుంది. ఎఫ్-150లో 2017 నుంచి వస్తున్న పది గేర్ల ఆటోమేటిక్‌లో, 3.55 యాక్సిల్‌తో, పదో గేర్‌లో (0.636) ఇంజిన్ 1,470 వద్ద నెమ్మదిగా తిరుగుతుంది. నాలుగో గేర్‌కు (1.769) దిగితే 4,090, మూడుకు (2.146) దిగితే 4,960. రెండో గేర్‌లో (2.985) 6,900 కావాలి కాబట్టి ఆ వేగంలో ఆ గేర్ పడదు.

ఓవర్‌డ్రైవ్ లేని పాత పికప్‌ల సంగతి వేరు. 4.10 యాక్సిల్, 28 అంగుళాల టైరు ఉంటే పై గేర్‌లోనే 100 కిలోమీటర్ల వద్ద ఇంజిన్ 3,060 తిరుగుతుంది. అమెరికాలో 1974 నుంచి 1995 వరకు జాతీయ వేగ పరిమితి చట్టం ఉండేది. అది మొదట విధించిన 55 మైళ్ల వేగంలో ఈ బండి 2,700 వద్ద నడిచేది. ఫోర్డ్ 1980లో, జనరల్ మోటార్స్ 1982లో నాలుగు గేర్ల ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్‌లు తెచ్చాక రహదారి మీద ఇంజిన్ వేగం మూడోవంతు దాకా తగ్గింది.

డీజిల్‌తో పోలిక, మన బండ్లు

డీజిల్‌లో ఇంధనం మండటానికి సమయం ఎక్కువ పడుతుంది, అధిక కంప్రెషన్‌ను తట్టుకోవడానికి భాగాలు బరువుగా ఉంటాయి. రామ్ పెద్ద పికప్‌లలోని కమిన్స్ 6.7 లీటర్ల డీజిల్‌కు గరిష్ఠ శక్తి 2,800 దగ్గరే వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రోడ్ల మీద కూరగాయలు, పశువుల దాణా మోసే పికప్‌లలో బొలెరో వంటి డీజిల్ బండ్లే ఎక్కువ. వాటికి అలవాటుపడిన చెవికి పెట్రోల్ ఇంజిన్ 4,000 దాటగానే విరిగిపోతుందేమో అనిపిస్తుంది. మారుతి సూపర్ క్యారీ చిన్న ట్రక్కులోని 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ గరిష్ఠ శక్తి 6,000 వద్ద వస్తుంది. దాని స్ట్రోక్ 71.5 మిల్లీమీటర్లే కాబట్టి అక్కడ కూడా సగటు పిస్టన్ వేగం 14.3 మీటర్లు దాటదు.

టాకోమీటర్ లేని పాత పికప్

చాలా పాత పికప్‌లకు టాకోమీటర్ రాలేదు. అలాంటి బండిలో యజమాని పుస్తకంలోని గేర్‌వారీ వేగాలే ఆధారం, అవి దొరక్కపోతే లెక్క వేసుకోవాలి. టీ-18 అనే నాలుగు గేర్ల మాన్యువల్ పెట్టె (6.32, 3.09, 1.69, 1.00), 4.10 యాక్సిల్, 28 అంగుళాల టైర్లు ఉన్న బండికి 4,000 ఆర్‌పీఎంను హద్దుగా పెట్టుకుంటే మొదటి గేర్‌లో గంటకు 20 కిలోమీటర్లు, రెండో గేర్‌లో 42, మూడో గేర్‌లో 77, నాలుగో గేర్‌లో 130 వస్తాయి. ఇవి కొత్తలో ఉన్న ఇంజిన్‌కు. బోరుకొచ్చిన ఇంజిన్‌కు, స్ప్రింగులు మెత్తబడ్డ ఇంజిన్‌కు ఇంకా కిందే ఆగాలి. టైర్ల పరిమాణం మార్చినా, యాక్సిల్ మార్చినా లెక్క మళ్లీ వేసి, ఆ నాలుగు అంకెలను కాగితం మీద రాసి స్పీడోమీటర్ పక్కన అంటించుకోవాలి.